మోకాలి నొప్పికి పసుపు: అక్కా తమ్ముళ్ల సంవాదం

అక్క: పసుపు ఇప్పుడు కూరకే కాదురా, మోకాళ్లకు కూడా కొంటున్నారు. నా కొట్టు మెట్టెక్కలేక గోడ పట్టుకున్న వాళ్లకు నేనే చెబుతుంటా: రాత్రిపూట పాలల్లో రొంత పసుపు, నాలుగు మిరియాలు దంచి వేసుకోమని, నొప్పున్న చోట పట్టు వెయ్యమని. డాక్టరువి నువ్వు, అట్టా చెప్పడం తప్పంటావు. అమ్మమ్మ కాలం నుంచి చేస్తున్నదాన్ని తప్పనడానికి నీ దగ్గరున్న ఆధారం ఏంది?

తమ్ముడు: వాడొద్దని నేనెప్పుడూ అనలేదక్కా. చేపల పులుసులో వేసుకోమను, పాలల్లో వేసుకోమను. మందని చెప్పొద్దంటున్నాను, అంతే. మందన్నాక ఏ జబ్బుకో చెప్పాలి, ఎంత మోతాదో చెప్పాలి, ఎవరు వాడకూడదో చెప్పాలి. నువ్విచ్చే పొట్లంతో పాటు ఈ మూడింటిలో ఒక్కటీ పోవడం లేదు.

అక్క: మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే నొప్పి బిళ్లతో పాటు పోతున్నాయా ఆ మూడూ? మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఈ తీరాన ఆడవాళ్లు చేసే పని నీకు తెలియంది కాదు. నాట్లకు పోయే ఆమె పొద్దుగూకులూ బురదలో నడుం వంచుకునే ఉంటది. రొయ్యల షెడ్డుకు పోయే ఆమె ఐసులో చేతులు పెట్టి, తడి గచ్చు మీద నిలబడి తలలు తీస్తానే ఉంటది. నొప్పులు రాక ఏమవుతాయి? వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది, ఆ తర్వాత రోజూ డైక్లోఫినాక్ బిళ్లలు. నెలల తరబడి అవి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయని చెప్పింది నువ్వే కదా? మీ పరీక్షలన్నీ దాటుకొచ్చిన రోఫెకాక్సిబ్ అనే కీళ్లనొప్పి మాత్రను, గుండెపోట్లు వస్తున్నాయని 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకోలేదా? నా పసుపు పాలు ఎవరినేం చేశాయి?

తమ్ముడు: నొప్పి బిళ్లల గురించి నువ్వన్నదాంట్లో ఒక్క అక్షరం కాదనను. కానీ రోఫెకాక్సిబ్ చేసే హాని బయటపడింది కూడా లెక్కపెట్టి చూశారు గనకే. పసుపునూ ఆ లెక్కలోకి రానివ్వు. పసుపులో నొప్పి మీద పనిచేస్తుందని చెప్పే పదార్థం కర్క్యుమిన్. మామూలు పసుపులో అది నూటికి 3 పాళ్లు, అటూ ఇటూగా. మేఘాలయలో పండే లకడాంగ్ రకంలో 7 పాళ్ల దాకా ఉంటుంది గానీ మన కొట్లకొచ్చేది అది కాదు. నువ్వు పాలల్లో వేయమనే పావు చెంచా, గ్రాము కూడా తూగదు. అందులో కర్క్యుమిన్ 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు. మోకాళ్ల మీద జరిగిన పరీక్షల్లో ఇచ్చింది రోజుకు 1,000 నుంచి 1,500 మిల్లీగ్రాముల సారం, అదీ గొట్టం మాత్రల్లో. వెయ్యి మిల్లీగ్రాముల కర్క్యుమిన్ పొడి రూపంలోనే కావాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా పసుపు తినాలి. తిన్నా రక్తంలోకి చేరేది అతి స్వల్పం. పేగుల్లో, కాలేయంలో మారిపోయి బయటికి పోతుంది.

అక్క: అందుకే కదా మిరియాలు వేయమనేది! బళ్లో సైన్సు చెప్పినదాన్ని, నాకూ చదవడం వచ్చు. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 1998లో ఏం తేల్చారు? మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే మనుషుల రక్తంలో కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. మన మిరియాల పాలు ఏ కాలేజీలో చదువుకుని వచ్చాయి? ఇక పరీక్షలంటావా, థాయిలాండులో 2014లో వచ్చింది చూడు. మోకాళ్లు అరిగిన 367 మందిలో కొందరికి పసుపు సారం, కొందరికి ఐబూప్రొఫెన్, 4 వారాలు ఇచ్చారు. నొప్పి రెండు జట్లకూ ఒకేలా తగ్గింది. కడుపు బాధ మాత్రం పసుపు వాళ్లకే తక్కువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

తమ్ముడు: ఆ 20 రెట్లు దేని మీద అక్కా? విడిగా తీసిన 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి, రక్తంలో దొరికీ దొరకనంతగా ఉన్నదాని మీద. థాయిలాండు పరీక్ష మంచిదే. కానీ అందులో మందు లేని ఉత్త మాత్ర ఇచ్చిన మూడో జట్టు లేదు. మోకాలి నొప్పి ఉత్త మాత్రకు కూడా బాగా తగ్గుతుంది, అది నొప్పి స్వభావం. ఆ జట్టును పెట్టి ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో చేసిన పరీక్ష 2020లో వచ్చింది. 70 మంది, 12 వారాలు. వందకు కొలిచే నొప్పి కొలతలో, పసుపు సారం తీసుకున్నవాళ్లకు ఉత్త మాత్ర వాళ్లకన్నా 9 ఎక్కువ తగ్గింది. ఎంఆర్‌ఐలో కీలు లోపలి వాపులో మాత్రం ఏ తేడా కనపడలేదు. ఉపశమనం కొంత ఉంది, ఒప్పుకుంటున్నా. కీలు బాగుపడిందనడానికి రుజువు లేదు.

అక్క: ఉపశమనం ఉందన్నావు కదా, అది చాలదా? నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఎంఆర్‌ఐలో బొమ్మ మారాలా, రాత్రికి కన్ను మూత పడాలా? నీ ఐబూప్రొఫెన్ మాత్రం అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందా?

తమ్ముడు: పెంచదు. అరిగిన కీలును వెనక్కి తెచ్చే మాత్ర మా దగ్గర లేదు. అరుగుదల నొప్పికి మేం మొదట చెప్పేది తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం. నా భయం అరుగుదల గురించి కాదక్కా. నీ కొట్టుకొచ్చే వాళ్లందరి నొప్పీ ఒకటే అనుకోవడం గురించి. మోకాలు అరిగినామె ఒకతి. రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున లేస్తే గంటసేపు గుప్పిట మూయలేనామె ఇంకొకతి. రెండో ఆమెది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిలో రక్షణ వ్యవస్థే కీళ్లను తినేస్తోంది. మొదటి నెలల్లో పట్టుకుంటే వారానికొకసారి వేసే మెథోట్రెక్సేట్‌తో చేతులు కాపాడొచ్చు. అది ఖరీదైన మందు కూడా కాదు. పసుపు పాలు తాగుతూ ఏడాది గడిపి వస్తే, వంకరపోయిన వేళ్లను నేను తిన్నగా చేయలేను. ఆలస్యం అమృతం విషం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. పసుపు ఆమెను ఏమీ చేయలేదు, ఆ ఏడాది కాలం చేసింది.

అక్క: ఆ ఏడాది పోయింది పసుపు వల్లనా? వేళ్లు వాచినామె నెల్లూరు పోవాలంటే ఒక రోజు కూలి పోవాలి. పోతే ఓపీ చీటీకి నిలబడాలి, రక్తపరీక్షకు ఇంకో రోజు రమ్మంటారు, ఫలితానికి మరో రోజు. మూడు రోజుల కూలి పోయినాక దొరికేది నాలుగు నిమిషాల మాట. ఆమె నా దగ్గరికొచ్చింది నన్ను నమ్మి మాత్రమే కాదు, నిన్ను అందుకోలేక. దారి మూసుకుని ఉంటే, దారి పక్కన నీళ్లిచ్చినదాన్ని తప్పుపట్టొద్దు.

తమ్ముడు: దారి మూసుకుని ఉందన్నమాట నిజం. అది మా వైపు లోపం. కానీ నొప్పికి పేరు పెట్టకుండా ఉపశమనంతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో ఈ జిల్లాకు తెలిసినంతగా ఇంకో జిల్లాకు తెలియదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్ అనే వైద్యుడి బృందం రాసింది. కనిగిరి, పొదిలి, దర్శి మెట్టలు అప్పుడు నెల్లూరులోవే, ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు. వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, కీళ్లు కదలక మనుషులు మంచాన పడుతుంటే కారణం తాగే నీళ్లలో దొరికింది. దాన్ని వాతం అనుకుని ఎన్నాళ్లు పట్లు వేసినా, కాపడాలు పెట్టినా ఆ నీళ్లు మారేవా?

అక్క: పేరు పెట్టడం గొప్పే. పేరు పెట్టి ఎనభై ఏళ్లు దాటింది. ఆ మెట్ట ఊళ్లలో ఇప్పటికీ మంచినీళ్ల కోసం అడుగుతానే ఉన్నారు కదా? బిగుసుకున్న వెన్నుకు మీ దగ్గర మందు లేదు, మా దగ్గరా లేదు. కానీ ఆ మనిషికి ఆముదం రాసి, వావిలాకు నీళ్లు పోసి, పసుపు పట్టు వేసినామె ఆ పూటకు కొంత నొప్పి తగ్గించింది. కారణం కనుక్కోవడం, కష్టం తీర్చడం రెండు వేరు పనులు. మొదటి దానికోసం రెండోది ఆపమంటావేంది?

తమ్ముడు: ఆపమనను. రెండోది మొదటిదాని చోటు ఆక్రమించొద్దంటాను. 2021 మేలో కృష్ణపట్నంలో జరిగింది మన కళ్ల ముందరిదే. నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కొవిడ్ మందు కోసం వేలమంది, కొందరు ఆక్సిజన్ పెట్టుకుని అంబులెన్సుల్లో వచ్చి, ఆ చిన్న ఊళ్లో ఒకరి మీద ఒకరు పడ్డారు. రోగం ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోజుల్లో!

అక్క: ఎందుకొచ్చారో అది కూడా చెప్పు. ఆసుపత్రుల్లో మంచం లేదు, ఆక్సిజన్ లేదు, ఇంజక్షన్లు నల్లబజారులో అమ్మారు. అప్పుడు ఊళ్లో ఒక మనిషి డబ్బు తీసుకోకుండా మందిచ్చాడు. ప్రభుత్వం ఆపించింది, పరీక్ష చేయించింది, చివరికి మే 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోమంది. హాని లేదని తేల్చాకనే కదా?

తమ్ముడు: హాని లేదన్నారు. కొవిడ్ తగ్గుతుందనడానికి రుజువు లేదని కూడా అదే నివేదికలో అన్నారు. జనం మొదటి సగమే విన్నారు. నీకూ నాకూ మధ్య తగువు సరిగ్గా ఇక్కడే. హాని లేదంటే మేలున్నట్టు కాదు.

అక్క: బీదవాళ్లకు హాని చేయకపోవడమే సగం మేలు, తమ్ముడూ. వాళ్లకు అందే వైద్యంలో సగం హాని చేసేదే. ఇక రుజువంటావా, పసుపు గాయం మానుస్తుందని అమెరికా 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయం వాళ్లకు పేటెంటు ఇచ్చింది. మన సీఎస్ఐఆర్ వెళ్లి, ఇది మా ఇళ్లలో తరాల నుంచి ఉన్నదేనని పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. మన అమ్మమ్మల తెలివిని అమెరికా వాడు కూడా ఒప్పుకున్నాడు, నువ్వు ఒప్పుకోవు.

తమ్ముడు: ఆ విజయం నాకూ గర్వమే. కానీ అక్కడ తేలిందేమిటి? ఆ వాడకం కొత్తది కాదని తేలింది. ఎంత బాగా పనిచేస్తుందన్న ప్రశ్న ఆ కేసులో లేదు. అదీ గాయానికి, కీళ్లకు కాదు. పాత గ్రంథాలనే అడుగుదాం. కీళ్లవాతానికి ఆయుర్వేదం ముందు చెప్పేది ఆముదం, వావిలి, గుగ్గులు, రాస్న. పసుపును ఎక్కువగా చెప్పింది చర్మానికి, పుండ్లకు, మధుమేహానికి. మోకాలికి పసుపు మాత్ర అనేది మన అమ్మమ్మల నుంచి వచ్చింది కాదక్కా, గొట్టం మాత్రల వ్యాపారం నుంచి వచ్చింది.

అక్క: మాత్ర సంగతి వేరు, పట్టు సంగతి వేరు. బెణికినా వాచినా పసుపూ సున్నం కలిపి ఎర్రగా పట్టు వేయడం ఏ వ్యాపారి నేర్పాడు? మాత్రల సీసాను మాత్రం నేను కూడా వెనకేసుకురాను. పిల్లలు ఫోనులో తెప్పిస్తున్నారు. ఒక్కో సీసా కూలిమనిషికి రెండు మూడు రోజుల సంపాదన.

తమ్ముడు: ధర ఒక్కటే కాదు. అమెరికాలో మందుల వల్ల దెబ్బతిన్న కాలేయాల లెక్క రాసే వైద్యుల బృందం, పసుపు మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు బయటపెట్టింది. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే రకం జన్యువు కనపడింది. పరీక్షించిన మాత్రల్లో కొన్నిటిలో మిరియపు సారం కూడా ఉంది. నువ్వు మెచ్చుకున్న ఆ 20 రెట్లే అక్కడ ప్రమాదం కావచ్చు. ఇటలీలో 2019లో ఇలాంటి కేసులు వరసగా వచ్చాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు ఆ మాత్రల జోలికి పోకూడదు. ఈ మాట ఏ ప్రకటనలోనూ వినపడదు. కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం, అయినా గోడల మీద రాతలు ఆగలేదు. అసలు మోసం ఎక్కడుందో చెప్పనా? రుజువు కాస్తో కూస్తో ఉన్నది సీసాలోని సారానికి. భద్రత ఉన్నది వంటింటి చిటికెడుకు. సీసా అమ్మేవాడు వంటింటి భద్రతను అరువు తెచ్చుకుంటున్నాడు. పొట్లం ఇచ్చే నువ్వు సీసా రుజువును అరువు తెచ్చుకుంటున్నావు.

అక్క: ఈ మాట గట్టిదే, కాదనను. అయితే నేను అరువు తెచ్చుకోనిది ఒకటుంది, నా కళ్లతో చూసింది. పట్టు వేసుకున్నాక నాలుగు అడుగులు సులువుగా వేసినామెను చూశాను. వేడికే తగ్గిందో, పసుపుకే తగ్గిందో, పక్కన కూర్చుని వేసిన చేతికే తగ్గిందో నాకనవసరం. నువ్వు దాన్ని ఉత్త మాత్ర ఫలితమంటావు. ఆమె దాన్ని నడక అంటుంది.

తమ్ముడు: ఆ నడకను నేను చిన్నచూపు చూడను. పట్టు వేసేటప్పుడు ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి కాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. సున్నం కాల్చినా, కాపడం మరీ వేడెక్కినా తెలియదు. ఆ పుండు మానక కాలు తీసేసిన వాళ్లను మా వార్డులో చూశాను. వాళ్లకు సున్నం వద్దు. ఇంకొకటి, నువ్వు అమ్మే పసుపు ఎక్కడిది?

అక్క: దుగ్గిరాల కొమ్ములు. పొడి కొనను, కొమ్ములే తెప్పించి మిల్లులో ఆడిస్తా. కొమ్ము చేత్తో విరిస్తే టక్కున విరగాలి, లోపల ముదురు నారింజ రంగు కనపడాలి. పైన నిగనిగలాడుతూ, పట్టుకుంటే అరచేతికి పచ్చగా అంటితే ఆ బస్తా దించనివ్వను. పొడి అయితే గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కదపకుండా పెడతా. అసలైనది అడుక్కు దిగుతుంది, పైన లేత పసుపు నీళ్లుంటాయి. రంగు కలిపిందైతే నీళ్లన్నీ చిక్కటి పసుపు అవుతాయి.

తమ్ముడు: మంచి పద్ధతే. కానీ సీసం గ్లాసు నీళ్లలో తేలదు. ఉడకబెట్టి, ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టేటప్పుడు, కళ కోసం కొన్నిచోట్ల లెడ్ క్రోమేటు చల్లుతారు. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో అది దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పాక 2021కి సున్నా అయింది. మన దేశంలో పాట్నా నమూనాల్లో గ్రాముకు 1,000 మైక్రోగ్రాములు దాటిన సీసం దొరికినట్టు 2024లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన చట్టం ఒప్పుకునేది 10. కూరలో చిటికెడు వేసుకునేవాళ్ల కంటే, మందని రోజూ చెంచాలు తాగేవాళ్లకు ఆ విషం ఎన్ని రెట్లు పోతుందో ఆలోచించు. ఆ పాలు మనవడికి కూడా పోస్తారు. పిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు మళ్లీ మానదు.

అక్క: దానికి నన్నడిగితే ఏం లాభం? నిజామాబాదులో 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలుపెట్టారు. యార్డులోకొచ్చే ప్రతి లాటుకూ సీసం పరీక్ష చేయించమను, కర్క్యుమిన్ ఎంతుందో బస్తా మీద రాయించమను. బంగ్లాదేశ్ రెండేళ్లలో చేసింది మనకు చేతకాదా? ఈ విషయంలో నువ్వూ నేనూ కలిసే అడగాలి.

తమ్ముడు: కలిసే అడుగుదాం. అలాగే నువ్వూ నాకొక మాటివ్వు. పసుపు అడిగిన వాళ్లను ముందు నాలుగు ప్రశ్నలడుగు. వేళ్ల కణుపులు వాచాయా? పొద్దున పట్టేసిన కీళ్లు అరగంట దాటినా వదలడం లేదా? ఒకే కీలు ఎర్రబడి, జ్వరం కూడా ఉందా? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? ఒక్కదానికి అవునన్నా పొట్లం కట్టకుండా నా దగ్గరికి పంపు.

అక్క: అడుగుతా. పంపుతా. పంపితే వాళ్ల కూలి ఎవరిస్తారు? వ్యాయామం చేయమంటావు, పది గంటలు తడి గచ్చు మీద నిలబడినామె ఇంటికొచ్చి కాళ్లెత్తి దించుతుందా? షెడ్డులో కూర్చోవడానికి ఒక ఎత్తు బల్ల, చేతులకు గట్టి తొడుగులు, గంటకోసారి విరామం ఇప్పిస్తే సగం మందికి నీ బిళ్లా వద్దు, నా పసుపూ వద్దు. ఆ చీటీ రాసే డాక్టరును నేను ఇంతవరకూ చూడలేదు.

తమ్ముడు: ఆ చీటీ రాస్తే తీసుకునే మందుల షాపు లేదక్కా. అయినా రాయాల్సిందే, నీ మాట నిజం. వారానికొక రోజు ఈ తీరానికి డాక్టరు వచ్చేలా అడగమని మా వాళ్లతో కూడా అంటాను. ఆ డాక్టరు వచ్చిన రోజు నుంచైనా పసుపును మందని చెప్పడం మానేస్తావా?

అక్క: ముందు రానివ్వు. వచ్చిన డాక్టరు రెండో వారం కూడా వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. అంతవరకూ నొప్పితో నా మెట్టెక్కినామెను, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదని వెనక్కి పంపలేను.

తమ్ముడు: అంతవరకూ నేను కూడా, హాయినిచ్చేదాన్ని మందనుకుని ఆ చేతులు వంకరపోతుంటే ఊరుకోలేను. నువ్వు పొట్లం కట్టేటప్పుడు పక్కన నిలబడి మళ్లీ మళ్లీ ఇదే చెబుతాను.

అక్క: చెప్పు. ఇద్దరి మాటా విని ఏం చేయాలో తేల్చుకునే తెలివి ఆమెకుంది.

తమ్ముడు: తెలివి ఉంది. తేల్చుకునేంత వ్యవధి ఆ వేళ్లకుందా అన్నదే నా ప్రశ్న.